అజ్వా గింజ నాటితే అజ్వా వస్తుందా? పెరట్లో ఖర్జూరం పెంచాలనుకునేవారి కోసం

ఇఫ్తార్ అయ్యాక దస్తర్‌ఖాన్ మీద మిగిలేవి ఖర్జూరపు గింజలే. వాటిని పారేయడానికి చాలామందికి మనసు రాదు. ఉమ్రా నుంచి ఎవరైనా తెచ్చిన అజ్వా అయితే మరీనూ. పిల్లలు అడుగుతారు: "ఇది నాటితే చెట్టు వస్తదా?" వస్తుంది. కానీ ఆ చెట్టుకి అజ్వా పండు కాస్తుందా, అసలు పండే కాస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు తెలియక ఆరేడేళ్ళు నీళ్ళు పోసి నిరాశపడినవాళ్ళు మన బస్తీల్లో ఎంతోమంది ఉన్నారు.

మహబూబ్‌నగర్‌లో మా వీధి చివర ఒక చాచా ఉన్నారు. చాలా ఏళ్ళు సౌదీలో పనిచేసి 2013లో తిరిగొచ్చారు. వస్తూ తెచ్చిన ఖర్జూరాల్లోంచి నాలుగు గింజలు తీసి పెరట్లో పెట్టారు. రెండు మొలిచాయి, ఒకటి బతికింది. ఆరేళ్ళు దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నారు. 2019లో మొదటిసారి పూగెల వేసింది. వీధంతా పిలిచి చూపించారు. తెల్లటి పూలు, ముట్టుకుంటే పిండిలా రాలే పుప్పొడి. పదిరోజుల్లో గెల మొత్తం ఎండిపోయింది. అది మగ చెట్టు. "ఆరేళ్ళు పోయినయ్ బేటా, ముందే ఎవరన్నా చెప్పి ఉంటే బాగుండు" అన్నారు చాచా. ఆ "ముందే చెప్పాల్సిన" సంగతులే ఈ వ్యాసం.

గింజలో ఏముందో ముందుగా తెలియదు

బొప్పాయిలో మగ చెట్టు, ఆడ చెట్టు వేరువేరుగా ఉంటాయని మనకు తెలుసు. ఖర్జూరం కూడా అంతే. గింజలతో పెంచిన చెట్లలో దాదాపు సగం మగవి, సగం ఆడవి అవుతాయి. ఏది ఏదో పూత వచ్చేదాకా చూసి చెప్పలేం. ఆ పూత రావడానికి నాలుగు నుంచి ఎనిమిదేళ్ళు పడుతుంది. ఆకు ఆకారం చూసి, ముల్లు చూసి "ఇది ఆడదే" అని చెప్పేవాళ్ళని నమ్మకండి.

పోనీ ఆడ చెట్టే వచ్చిందనుకుందాం. అప్పుడు కూడా అది అజ్వా కాదు. ప్రతి గింజలో తల్లి గుణం కొంత, తండ్రి గుణం కొంత కలిసి ఉంటాయి. మామిడి టెంక నాటితే అదే బంగినపల్లి రాదు కదా, ఇదీ అంతే. పండు చిన్నగా ఉండొచ్చు, గింజ పెద్దగా ఉండొచ్చు, వగరు ఎక్కువ ఉండొచ్చు. అదృష్టం బాగుంటే మంచి పండు కూడా రావచ్చు. గుజరాత్‌లోని కచ్‌లో చాలా తోటలు గింజల నుంచి వచ్చినవే. అక్కడి రైతులు తరతరాలుగా బాగా కాసిన చెట్లని ఉంచుకుంటూ వచ్చారు. కానీ దానికి వందల చెట్లు కావాలి, తరాలు కావాలి. మన పెరట్లో ఉండేది ఒక్క చెట్టుకి చోటు.

ఒక విచిత్రమైన ఉదాహరణ చెప్తాను. డెడ్ సీ దగ్గరున్న మసాడా అనే పాత కోట తవ్వకాల్లో 1960లలో సుమారు రెండు వేల ఏళ్ళనాటి ఖర్జూరపు గింజలు దొరికాయి. వాటిలో ఒకదాన్ని 2005లో నాటితే మొలిచింది! లోకమంతా ఆశ్చర్యపోయింది. 2011లో పూత వచ్చాక తెలిసింది, అది మగ చెట్టని. రెండు వేల ఏళ్ళు ఆగిన గింజ విషయంలో కూడా శాస్త్రవేత్తలు ముందుగా చెప్పలేకపోయారు. ఆ చెట్టు కథ అక్కడితో ముగియలేదు, దాని గురించి చివర్లో చెప్తాను.

ఆన్‌లైన్‌లో, రోడ్డు పక్కన బండ్ల మీద "అజ్వా మొక్క" అని చిన్న కవరులో అమ్ముతుంటారు. అది గింజ నుంచి పెంచిందైతే, ఆ పేరుకి అర్థం లేదు. అజ్వా పండులోని గింజ అని మాత్రమే చెప్పుకోవచ్చు.

మరి ఏం కొనాలి?

ఖర్జూరం చెట్టు చిన్న వయసులో మొదలు దగ్గర పిలకలు వేస్తుంది, అరటిలాగా. ఆ పిలక అచ్చంగా తల్లి చెట్టే. తల్లి ఆడదైతే పిలకా ఆడదే, తల్లి బర్హీ అయితే పిలకా బర్హీనే. అరబ్బు దేశాల్లో వేల ఏళ్ళుగా రకాలని కాపాడుకుంటూ వచ్చింది ఇలాగే. 1927లో మొరాకో నుంచి అమెరికాకి 11 మెజూల్ పిలకలు తీసుకెళ్ళారు. వాటిలో 9 బతికాయి. ఇవ్వాళ అమెరికాలో కాసే మెజూల్ చాలావరకు ఆ తొమ్మిది పిలకల సంతానమే.

పిలక దొరక్కపోతే టిష్యూ కల్చర్ మొక్క కొనాలి. మంచి చెట్టు కణజాలాన్ని ల్యాబులో పెంచి తయారుచేసిన మొక్క ఇది. ధర వేలల్లో ఉంటుంది. గింజ మొక్కతో పోలిస్తే చాలా ఎక్కువే. కానీ ఆడదని, ఫలానా రకమని ముందే తెలుస్తుంది, నాటిన మూడు నాలుగేళ్ళకి కాపు మొదలవుతుంది. కొనేటప్పుడు రకం పేరు రాసిన బిల్లు అడగండి. నోటిమాట మీద అంత డబ్బు పెట్టకండి.

ఇంకో జాగ్రత్త. మన ఊళ్ళల్లో ఉండే ఈత చెట్టు, ఖర్జూరం ఒకే జాతి కుటుంబం. చిన్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈత మొక్కని ఖర్జూరం పేరుతో అమ్మేస్తే కొత్తవాళ్ళకి తెలియదు. మాల్స్ ముందు, గేటెడ్ కాలనీల దగ్గర వరసగా నిలబెట్టిన పెద్ద "ఖర్జూరం" చెట్లలో చాలావరకు ఈత చెట్లే. ఈతకి మామూలుగా మొదట్లో పిలకలు రావు, ఖర్జూరానికి వస్తాయి. ఖర్జూరం ఆకు బూడిద కలిసిన పచ్చరంగులో బిరుసుగా ఉంటుంది.

అసలు చిక్కు మన వానాకాలం

"ఖర్జూరానికి పాదాలు నీళ్ళలో ఉండాలి, తల నిప్పుల్లో ఉండాలి" అని అరబ్బుల సామెత. వేళ్ళకి తడి కావాలి, ఆకులకి ఎండ కావాలి. మన తెలంగాణ, రాయలసీమ ఎండలు దానికి లెక్కే కాదు. 44 డిగ్రీలైనా నవ్వుతూ నిలబడుతుంది. ఉప్పునీటి బోరుని కూడా చాలా చెట్లకన్నా బాగా తట్టుకుంటుంది.

చిక్కు ఎక్కడంటే, పండు పండే వేళకి మనకు వాన మొదలవుతుంది. ఖర్జూరం కాయ దశలు దాటుకుంటూ పోతుంది. పచ్చికాయగా ఉన్నప్పుడు కిమ్రీ. పసుపో ఎరుపో రంగు తిరిగి కరకరలాడే దశ ఖలాల్. మెత్తబడితే రుతబ్. ఎండి నిలవకి పనికొస్తే తమ్ర్. మనం దుకాణంలో కొనేది చాలావరకు చివరి దశది. ఫిబ్రవరి, మార్చిలో పూత వస్తే జూన్, జూలైకి ఖలాల్ దశ చేరుతుంది. సరిగ్గా అప్పుడే నైరుతి రుతుపవనాలు దిగుతాయి. మెత్తబడుతున్న పండు మీద వాన పడితే పగులుతుంది, పులుస్తుంది, బూజు పడుతుంది. సౌదీలో ఆ నెలల్లో చుక్క వాన ఉండదు, అందుకే చెట్టు మీదే ఎండుతుంది.

కచ్ రైతులకీ ఇదే ఇబ్బంది. వాళ్ళు కనుక్కున్న దారి ఏమిటంటే, ఎండేదాకా ఆగకుండా రంగు తిరగగానే కోసి తాజా పండుగా అమ్మేయడం. దాన్నే అక్కడ ఖారెక్ అంటారు. ఈ కచ్చీ ఖారెక్‌కి 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మనకూ ఇదే దారి. అందుకే పచ్చిగా ఉన్నప్పుడే తీపిగా ఉండే బర్హీ లాంటి రకం ఎంచుకోవాలి. బర్హీ ఖలాల్ దశలోనే వగరు లేకుండా, ఆపిల్‌లా కొరుక్కు తినేలా ఉంటుంది. అజ్వా, మెజూల్ చెట్టు మీద మెత్తబడాల్సినవి. మన వానల్లో వాటిని నిలుపుకోవడం కష్టం. పేరు చూసి కాకుండా మన క్యాలెండర్ చూసి రకం ఎంచుకోండి.

కోసిన బర్హీని మెత్తగా తినాలనుంటే ఒక చిట్కా ఉంది. కడిగి ఆరబెట్టి ఫ్రీజర్‌లో పెట్టి, గడ్డకట్టాక బయటపెడితే గోధుమరంగుకి తిరిగి మెత్తగా రుతబ్‌లా అవుతుంది.

నాటడం, మొదటి రెండేళ్ళు

రోజంతా ఎండ పడే చోటు చూడండి. గోడకి కనీసం పది అడుగుల దూరం ఉండాలి. ఖర్జూరం వేళ్ళు మర్రి వేళ్ళలాగా లావెక్కి పునాదులు పగలగొట్టవు, పీచులాంటి వేళ్ళు. సమస్య వేళ్ళతో కాదు, మట్టలతో. పెద్దయ్యాక ఒక్కో మట్ట పది పన్నెండు అడుగుల పైన ఉంటుంది. మొదట్లో ఉండే ముళ్ళు సూదుల్లా ఉంటాయి. పిల్లలు ఆడుకునే చోట, స్కూటర్ పెట్టే చోట, కరెంటు తీగల కింద నాటొద్దు.

మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు గుంత తీయండి. తవ్విన మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి కలపండి. నల్లరేగడి అయితే ఇసుక, మొరం కలిపి నేల మట్టం కన్నా అడుగు ఎత్తు చేసి నాటండి. నీళ్ళు కావాలి కదా అని నిలవ నీటిలో పెడితే వేళ్ళు కుళ్ళిపోతాయి. మొక్క నడిమధ్య లేత ఆకు బయటికొచ్చే చోటుని మొవ్వు అంటాం. అది మట్టిలో మునగకూడదు, దాంట్లో నీళ్ళు పోయకూడదు. మిగతా చెట్లకి కొమ్మ విరిగితే ఇంకో కొమ్మ వస్తుంది. ఈ చెట్టుకి ఉన్నది ఒక్కటే మొవ్వు. అది పోతే ఆ కాండం పోయినట్టే.

మొదటి రెండు మూడు నెలలు మట్టి ఆరకుండా చూసుకోవాలి. మొదటి ఎండాకాలం గోనెసంచితో కాస్త నీడ కట్టండి. నిలదొక్కుకున్నాక వేసవిలో వారానికి ఒకటి రెండుసార్లు లోతుగా తడిస్తే చాలు. పచ్చగా ఉన్న మట్టల్ని అందం కోసం నరకొద్దు, చెట్టుకి అన్నం వండిపెట్టేవి అవే. పూర్తిగా ఎండినవే తీయండి.

గింజ నాటాలనే సరదా ఉన్న పిల్లల్ని మాత్రం ఆపకండి. గింజని రెండు రోజులు నానబెట్టి, తడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే కొన్ని వారాల్లో తెల్లటి మొలక వస్తుంది. ఆ మొలక ముందు కిందికి దిగుతుంది, ఆకు తర్వాత పైకి లేస్తుంది. తాటి టెంక నుంచి తేగ దిగేది కూడా ఇలాగే. తాటి టెంకలో మనం తినే బుర్రగుంజు ఉంటుందే, అలాంటిదే ఖర్జూరపు గింజలోనూ చిన్నగా తయారై గట్టి పప్పుని కరిగించి మొలకకి తినిపిస్తుంది. పిల్లలకి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. కాకపోతే పండు కోసం కాదని వాళ్ళకి ముందే చెప్పండి.

పెళ్ళి చేస్తేనే కాపు

ఆడ చెట్టు ఒక్కటే ఉంటే చాలదు. తోటల్లో పాతిక నుంచి యాభై ఆడ చెట్లకి ఒక మగ చెట్టు సరిపోతుంది. అయితే గాలికి, తేనెటీగలకి వదిలేస్తే కాపు సరిగా రాదు. అందుకే వేల ఏళ్ళ నుంచి ఈ పని మనిషి చేత్తోనే జరుగుతోంది.

ఫిబ్రవరి నుంచి రోజూ చెట్టు పైకి చూస్తుండండి. పూగెల చుట్టూ ఉన్న గట్టి తొడుగు పగిలినప్పుడు పని మొదలవుతుంది. ఆడ గెలలో లేత పసుపు పూసల్లాంటి చిన్న పూలు ఉంటాయి. మగ గెలలో తెల్లటి పూలు గుత్తులుగా, పుప్పొడితో ఉంటాయి. మగ గెల నుంచి రెండు మూడు ఈనెలు తెంపి, ఆడ గెల మధ్యలో తలకిందులుగా పెట్టి వదులుగా దారం కట్టాలి. తొడుగు పగిలిన రెండు మూడు రోజుల్లో చేస్తే మంచిది. మగ పూలు ముందే వస్తే, నీడలో కాగితం మీద ఆరబెట్టి, జల్లించిన పుప్పొడిని గాలి చొరని సీసాలో వేసి ఫ్రిజ్‌లో దాచుకోవచ్చు.

మగ ఖర్జూరం దగ్గర్లో లేకపోతే మన ఈత చెట్టే దిక్కు. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి కాబట్టి మగ ఈత చెట్టు పుప్పొడి ఖర్జూరానికి పనిచేస్తుంది. పుప్పొడి ఏ చెట్టుదన్న దాన్నిబట్టి కాయ సైజులో, పండే సమయంలో కొంచెం తేడా రావచ్చు. కల్లు గీసే అన్నలని అడిగితే ఏ ఈత మగదో, ఎప్పుడు పూస్తుందో చిటికెలో చెప్తారు.

కాయ నిలిచాక చిన్న చెట్టుకి రెండు మూడు గెలలకన్నా ఎక్కువ ఉంచొద్దు. రంగు తిరిగే ముందు గెలకి సన్నటి వల కట్టకపోతే చిలకలు, గబ్బిలాలు మీకన్నా ముందే ఇఫ్తార్ చేసేస్తాయి.

ఎర్రముక్కు పురుగు

ఖర్జూరానికి ప్రపంచమంతటా పెద్ద శత్రువు ఎర్రముక్కు పురుగు. మన కొబ్బరి రైతులకి ఇది పాత పరిచయమే. ఎక్కడ గాయం ఉంటే అక్కడ గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగులు కాండం లోపల తింటూ పోతాయి. కాండం మీద రంధ్రాలు, ఎర్రటి జిగురు కారడం, నమిలిన పీచు బయటికి రావడం, చెవి ఆనిస్తే కరకర శబ్దం ఇవీ గుర్తులు. మొవ్వు వాలిపోయేసరికి ఆలస్యమైపోతుంది. కాబట్టి కాండానికి మేకులు కొట్టొద్దు, బట్టల తీగ కట్టొద్దు. పిలక వేరుచేసినా, మట్ట నరికినా కోసిన చోట బోర్డో పేస్ట్ పూయండి. అనుమానం వస్తే వెంటనే ఉద్యాన శాఖ వాళ్ళకి చూపించండి. పక్క ఇంటి కొబ్బరి చెట్టుకి కూడా అది పాకుతుంది.

దూరం కాదు, వాతావరణం చూడాలి

ఖర్జూరం గురించి చెప్పిందే మిగతా విదేశీ చెట్లకీ వర్తిస్తుంది. హైదరాబాద్ గోల్కొండలో నయా ఖిలా లోపల "హథియాన్ కా ఝాడ్" అని ఒక బ్రహ్మాండమైన చెట్టు ఉంది. అది ఆఫ్రికా బావోబాబ్. కుతుబ్‌షాహీల కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన ఫకీర్లు తెచ్చారని చెప్పుకుంటారు. సముద్రాలు దాటొచ్చిన చెట్టు ఇన్ని వందల ఏళ్ళు ఎలా నిలిచింది? దాని పుట్టిన ఊళ్ళో కూడా కొన్ని నెలలు వాన, మిగతా నెలలు ఎండ. మన దక్కన్ దానికి పరాయి ఊరు అనిపించలేదు.

ఇప్పుడు దీనికి ఎదురుగా రంబుటాన్, మాంగోస్టీన్ చూడండి. వీటికి ఏడాది పొడుగునా గాలిలో తేమ కావాలి. కేరళలో, నీలగిరి కింది వాలుల్లో కాస్తాయి. హైదరాబాద్ ఏప్రిల్ వడగాలికి ఆకులు అంచుల నుంచి మాడిపోతాయి. రంబుటాన్ కూడా గింజతో పెంచితే మగ చెట్టు కావచ్చు, అంటుమొక్కే కొనాలి. కోనసీమలో కొబ్బరి నీడ ఉన్నవాళ్ళు ప్రయత్నించవచ్చు. అక్కడివాళ్ళకి సీమపనస ఇంకా మంచి చెట్టు.

పండు కాదు, ఇంటి ముందు అందం కావాలంటే ఫాక్స్‌టెయిల్ పామ్ మంచిది. ఆస్ట్రేలియా ఉత్తరాన క్వీన్స్‌లాండ్‌లోది, నక్క తోకలా గుబురు మట్టలు. ముళ్ళు ఉండవు, మన ఎండకి తట్టుకుంటుంది, ఎండిన మట్ట దానంతటదే రాలుతుంది. మడగాస్కర్ నుంచి వచ్చిన బిస్మార్కియా వెండిరంగులో మెరుస్తుంది, కానీ పదిహేను అడుగుల మేర పరుచుకుంటుంది. 200 గజాల ఇంటికి అది సరిపడదు. మన ఏజెన్సీ ప్రాంతాల జీలుగ చెట్టు చూడ్డానికి బాగుంటుంది. అయితే పూత మొదలై కొన్నేళ్ళకి చెట్టు చనిపోతుంది, దాని పండు రసం తగిలితే ఒళ్ళంతా దురద. పిల్లలున్న ఇంట్లో ఆలోచించుకోండి.

ఏ మొక్క కొన్నా నర్సరీలో మూడు ప్రశ్నలు అడగండి: పుట్టిన చోట వాన ఎప్పుడు పడుతుంది? ఇది గింజ మొక్కా, పిలకా, అంటా? ఇరవై ఏళ్ళకి ఎంత చోటు కావాలి? జవాబు చెప్పలేకపోతే ఇంకో నర్సరీకి వెళ్ళండి.

చాచా చెట్టు ఏమైంది?

చాచా కొడుకులు ఆ మగ చెట్టుని కొట్టేయమన్నారు. ఆయన వినలేదు. 2020లో బర్హీ టిష్యూ కల్చర్ మొక్క ఒకటి తెప్పించి పక్కనే నాటారు. 2024లో దానికి మొదటి ఆడ పూగెల వచ్చింది. నిచ్చెన వేసుకుని, "పనికిరానిది" అన్న ఆ మగ చెట్టు నుంచే మూడు ఈనెలు తెంపి కట్టారు. జూన్ చివర్లో, పెద్ద వానలు పట్టకముందే, పసుపుపచ్చటి గెల కోశారు. వీధిలో ప్రతి ఇంటికీ నాలుగేసి పండ్లు పంపించారు.

మసాడా గింజ నుంచి వచ్చిన మగ చెట్టుకీ అలాగే జరిగింది. మరో గుహలో దొరికిన అంతే పాత గింజ నుంచి తర్వాత ఒక ఆడ చెట్టు మొలిచింది. దానికి ఈ మగ చెట్టు పుప్పొడి పెడితే 2020లో పండ్లు కాసింది.

కాబట్టి మీ ఇంట్లో ఇప్పటికే మగ చెట్టు ఉంటే కొట్టేయకండి, పక్కన ఒక ఆడ పిలక పెట్టండి. ఇంకా ఏమీ నాటకపోతే, ఈసారి గింజ పిల్లలకివ్వండి, పెరట్లో చోటు మాత్రం పేరు తెలిసిన పిలకకి ఉంచండి.